కాలవ డాక్టరు

బుడుంగుమంటూ స్టీలు పెట్టె మురుగుకాలవలోకి దిగింది. గట్టుమీద శంఖాలపేట జనం ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో తొడలు చరిచి సంబరపడ్డారు.

దాని అసలు పేరు వైరల్ సెన్సర్. పేటవాళ్ళు మాత్రం 'కాలవ డాక్టరు' అన్నారు. అదేం చేస్తుందంటారా? చాలా తేలికండీ! పేటలో వాడిన నీళ్ళన్నీ ఆ కాలవలోకే వస్తాయి. ఎవరి ఒంట్లోనైనా హెచ్.ఐ.వి. లేచి తిరుగుతుంటే దాని తునకలూ వస్తాయి. పెట్టె వాటిని పసిగట్టి, ఎంతమందో తేల్చి, విదేశీ సహాయ సంస్థకి చెబుతుంది. వాళ్ళు అంతమందికీ డ్రోన్‌లో మందు పంపుతారు. సూది లేదు, క్యూ లేదు, పేరు కూడా అక్కర్లేదు. ఎంత గొప్ప సంగతి చూడండి!

పేటలో ఆ జబ్బున్నవాళ్ళు అరవై రెండు మంది. సర్కారు మందుల కౌంటర్లు ఎత్తేసిన రోజులు కదా, ఆ విదేశీ సంస్థ ఇచ్చే మందు వాళ్ళకి అందించేది తోడు సంఘమే. సంఘమంటే ఎస్తేరమ్మే. ఆవిడకీ ఆ జబ్బే. ఇరవై ఏళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి, "ఏటే పైడీ, మాత్ర ఏసుకున్నావా? ఏదీ, నాలిక ఎత్తు!" అని దగ్గరుండి మింగించేది. పైడితల్లికి ఇప్పుడు ఐదో నెల. మందు తప్పకపోతే బిడ్డకి జబ్బు అంటదు.

వారం తిరిగేసరికి పెట్టె సున్నా చూపింది.

ఎస్తేరమ్మ జిలేబీ పంచింది. పెట్టె తయారుచేసిన డాక్టర్ ఫణీంద్ర మాత్రం తినలేదు.

"సున్నా ఉన్నచోటికి మందు పంపరటమ్మా. నెలాఖరుకి మళ్ళీ చూస్తారు. అప్పుడూ సున్నాయే అయితే ఇక అంతే."

"ఓలమ్మో! మాత్రలేసుకుంటన్నాం కాబట్టే కద బాబూ సున్నా!"

"అదే వాళ్ళకి రాశాను. పెట్టె మాటే నమ్ముతామన్నారు."

"మడుసులొచ్చి చెప్పినా?"

"మనుషులు అబద్ధమాడతారనే కదమ్మా పెట్టె పెట్టించింది."

ఆవిడ కాలవకేసి చూసింది. ఆ పూట నుంచి తన మాత్రలు మానేసింది. ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలకి పెట్టెమీద సున్నా పోయి ఎర్రలైటు వెలిగింది. పేటంతా రచ్చ.

"ఏ సచ్చినోడే మాత్ర ఎగ్గొట్టింది? ఎస్తేరక్కా, నీ కళ్ళు కప్పినోడెవడే?"

"ముసిల్దాన్నైపోనాను, కళ్ళు కనబడ్డం లేదు," అని నవ్వేసింది.

నెలాఖరున డ్రోన్ దిగింది. ఒకే ఒక్క డబ్బా. ఒక మనిషికి ఆరు నెలల మందు.

"ఒకరే కనబడ్డారు, ఒకరికే పంపారు. మళ్ళీ చూసేది ఆరు నెలలకే." ఫణీంద్ర డబ్బా ఎస్తేరమ్మ చేతిలో పెట్టాడు. "ఆ ఒకరెవరో నాకు తెలుసమ్మా. ఇది మీ మందు. మీరే వేసుకోవాలి."

"కాలవకి నా పేరు తెలుసునేటి బాబూ?"

ఆ డబ్బా తీసుకెళ్ళి పైడితల్లి ఒళ్ళో పెట్టింది.

మిగిలినవాళ్ళ మాత్రలు ఆ వారంతో అయిపోయాయి. మందు లేని ఎస్తేరమ్మని క్షయ పట్టుకుంది. పైడితల్లికి పుట్టిన పాపకి జబ్బు లేదన్న కబురు చెవినపడ్డాకే కళ్ళు మూసింది.

ఆరు నెలలకి డ్రోన్లు బారులు తీరి వచ్చాయి. అరవై డబ్బాలు. జబ్బు అందరిలోనూ లేచింది మరి. ఒక్కొక్కరూ తీసుకుని వెళ్ళిపోయారు. పాపని చంకనేసుకుని పైడితల్లి ఒక్కతే మిగిలింది.

"నాదేదీ బాబూ?"

ఫణీంద్ర తలెత్తలేదు. "నీ ఒంట్లో ఏమీ కనబడలేదట తల్లీ."

ఎస్తేరమ్మ ఇచ్చిన మందు అంత బాగా పనిచేసింది.