బోర్లించిన బిందె

మా ఊళ్ళో సముద్రం మీద నుంచి వచ్చిన మగవాడు కాళ్ళు కడుక్కోకుండా గడప దాటడు. ప్రతి ఇంటి గడప పక్కనా అందుకోసం ఒక మంచినీళ్ళ బిందె ఉంటుంది. పొద్దు వాలే వేళకు ఇంటి ఆడమనిషి దాన్ని నింపి పెడుతుంది. ఆ ఇంటి మగవాడు పోతే బిందెను బోర్లిస్తారు. అంతే, మళ్ళీ తిప్పరు.

నెల్లూరులో బి.ఏ. చదివి, 1970లో ఈ ఊరి బడికి అయ్యోరుగా వచ్చినప్పుడు ఇదంతా నాకు వింతగా ఉండేది. కోవూరు నుంచి అప్పట్లో బస్సు లేదు. సగం దూరం నేను సైకిలు ఎక్కితే, మిగతా సగం ఇసకలో సైకిలే నన్ను ఎక్కేది. సరే, బిందె గురించి కదా చెబుతున్నాను.

పక్కింటి పేరమ్మ నాకంటే ఏడాది పెద్దది. అక్కా అనేవాణ్ణి. ఆమె భర్త ముత్యాలయ్య వలలు వదిలి పట్టాళంలో చేరాడు. 1971లో సెలవు మీద వచ్చి వెళ్ళేసరికి ఆమెకు మూడో నెల. ఆ డిసెంబరు యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున కనిపించకుండా పోయాడు. టెలిగ్రామ్ చదివి చెప్పింది నేనే.

"చచ్చిపోయినాడని ఉండాదా తమ్ముడా?"

"లేదక్కా. కనబడలేదని ఉంది."

"మరింకేం" అని లేచి, పోయి బిందె నింపింది.

ఆ 'మరింకేం' యాభై నాలుగేళ్ళు నడిచింది. తలమీద చేపల గంపతో ఊరూరా తిరిగి, కడుపున పుట్టిన శివను పెంచింది. పొద్దు వాలేసరికి ఎక్కడున్నా ఇంటికి వచ్చేది. జ్వరమొచ్చినా, తుఫానొచ్చినా బిందె నిండాల్సిందే.

శివకు మూడేళ్ళప్పుడు ఆమె చేపలు కోస్తుంటే కత్తిపీట వాడి కాలిమీద పడింది. ఎడమకాలి చిటికెన వేలు పోయింది. ఆ రోజు ఏడ్చినట్టు ఆమె టెలిగ్రామ్ వచ్చిన రోజు కూడా ఏడవలేదు. నా చేత భర్తకు ఉత్తరం రాయించింది: 'బిడ్డ వేలు నా వల్లే పోయింది. కోప్పడొద్దు.' ఏ చిరునామాకు పంపను? ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది.

"మీ నాయన వచ్చినప్పుడు కాలు ముడుచుకుని కూర్చోరా" అనేది, శివకు యాభై దాటాక కూడా.

"నాయనొచ్చి నా వేళ్ళు లెక్కబెడతాడా ఏందమ్మా?"

"పెడతాడు. సిపాయి ఆయన. నీ మాదిరి సోమరిపోతనుకున్నావా?"

సముద్రం మీద చేపల వేటతో బతికే శివ పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఒంటరిదవుతుందని.

మొన్న కార్తీకంలో పేరక్క పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "బిందె బోర్లించొద్దని చెప్పు తమ్ముడా. ఆయన కాళ్ళు కడుక్కోవాల" అంది. అట్లాగే అన్నాను.

వానలో దిబ్బల అవతల పూడ్చి వచ్చాం. మర్నాడు తుఫాను హెచ్చరిక. ఊరంతా షెల్టరుకు పోయింది. అమ్మ పోయిన గదిలో పెట్టిన దీపం ఆరకూడదని శివ కదల్లేదు. వాణ్ణి వదిలి నేనెట్లా పోతాను? వాడి దగ్గరికి పోతూ వాళ్ళ గడప దగ్గర ఆగాను. యాభై నాలుగేళ్ళుగా నిండుతున్న బిందె అది. ఇకనైనా ఆమెకు విశ్రాంతి కావాలి అనుకున్నాను. నీళ్ళు పారబోసి, నా చేతులతో నేనే బోర్లించాను.

మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడింది. కరెంటు పోయింది. తాటాకులు విరిగి రాలుతున్నాయి, సముద్రం ఇంటి వెనకే ఉన్నట్టు రొద. గదిలోని దీపం వెలుతురు వాకిలి దాకా సన్నగా పాకింది. శివా నేనూ ముందు గదిలో చాప మీద కూర్చున్నాం.

ఉన్నట్టుండి గాలి ఆగింది.

వాసన వచ్చింది. ఉప్పు వాసన కాదు. ఎండిపోయిన ఇసక, తోలు, తుపాకీ నూనె...

బూట్ల చప్పుడు. తడి నేల మీద కాదు. పొడి ఇసకలో నడుస్తున్నట్టు... కర్... కర్... గడప ముందు ఆగింది.

ఒక బూటు విప్పిన చప్పుడు. రెండోది.

తర్వాత, బోర్లించిన బిందె మీద వేళ్ళతో తట్టిన చప్పుడు.

"నీళ్ళు లేవా?"

అలసిపోయిన గొంతు. ఇరవై అయిదేళ్ళ గొంతు.

దీపం ఉన్న గదిలో నుంచి...

"ఉండయ్యా... తెస్తుండా."

శివ లేచాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"మా అమ్మ."

"కూర్చో."

"బయట మా నాయన, అయ్యోరా. నేను ఒక్కసారి కూడా చూడలేదు... వదలండి, చూసొస్తా."

వదల్లేదు. డెబ్భై ఆరేళ్ళవాణ్ణి, రెండు చేతులతో వేలాడాను. చీర కుచ్చెళ్ళు మా పక్కగా రాసుకుంటూ పోయాయి. బిందె తిరగేసిన చప్పుడు. నీళ్ళు పోసిన చప్పుడు.

"బిడ్డేడీ?"

"ఇప్పుడొద్దయ్యా... కాలు బాగయినాక చూపిస్తా."

శివ కుప్పకూలినట్టు కూర్చున్నాడు. యాభై మూడేళ్ళ మనిషి, ఎడమకాలు లోపలికి ముడుచుకున్నాడు.

గాలి మళ్ళీ మొదలైంది.

తెల్లవారి చూస్తే బిందె నిటారుగా ఉంది. గాలికి తిరగబడి ఉంటుందన్నాను. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఏదో ఒకటి చెప్పాలి కదా. బిందె అడుగున చారెడు ఇసక ఉంది. మా తీరంలో లేని పసుప్పచ్చ ఇసక.

ఆ తర్వాత శివ నాతో మాట్లాడలేదు. మా ఇంటి ముందు నుంచి పోతూ కూడా తల తిప్పుకునేవాడు. పొద్దు వాలగానే బిందె మాత్రం నింపేవాడు. నేను మా అరుగు మీద నుంచి చూసేవాణ్ణి. వదిలి ఉంటే ఏమయ్యేది? తండ్రిని చూసి తిరిగొచ్చేవాడేమో. నాకు తెలియదు.

కర్మ అయిన మర్నాటి ఉదయం వాడి తలుపు బార్లా తీసి ఉంది. గడప పక్కన బిందె ఖాళీ. లోపలికి వెళ్ళాను. శివ వెల్లకిలా, తల మీదుగా దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

దుప్పటి చివర నుంచి ఎడమకాలు బయటికి ఉంది. అప్పుడే కడిగినట్టు తడిగా.

లెక్కబెట్టాను. మళ్ళీ లెక్కబెట్టాను.

అయిదు వేళ్ళు. నాలుగు, సముద్రం తిని నల్లబడ్డ ముసలి వేళ్ళు. అయిదోది ఎర్రగా, మెత్తగా, మూడేళ్ళ బిడ్డ వేలంత ఉంది.