బాణం లేని డబ్బా

ఆ పిల్లోడి గొంతు నేను మొదటిసారి విన్నప్పుడు వాడు నా కూతురితో, "మీ బాణం తప్పు దారిలో పోతోందండీ" అంటున్నాడు.

నేను నడవలో కూచోని చిక్కుడుకాయలు తుంచుతాండాను. చేతిలో కాయ చేతిలోనే నిలిచిపోయింది. తప్పు దారి అంటాడేమి, ఎవడు వీడు? మా శ్వేత చెవుల్లో పెట్టుకునేవి పెట్టుకోవడం మరిచిపోయినట్టుంది, కంప్యూటర్లో మాటలన్నీ బయటికే వినిపిస్తాండాయి.

"నా బాణం సరిగ్గానే ఉందండీ. మీరే సరిగ్గా చూడలేదు" అనింది నా కూతురు. అంత మర్యాదగా అది నాతో ఏనాడూ మాట్లాడలేదు.

శ్వేత డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. హైదరాబాదులో ఏదో కంపెనీకి, ఆదోనిలో మా ఇంట్లో కూచోనే పని చేస్తాది. ఏం పనే అంటే, ఆన్‌లైన్ ట్రైనింగ్ కోర్సులకి బొమ్మలు గీస్తానమ్మా అంటాది. బొమ్మలంటే పూలూ పక్షులూ కాదు. డబ్బాలు. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి బాణాలు. డబ్బాని నొక్కితే తెరుచుకుంటాది, లోపల ఒక ప్రశ్న ఉంటాది. అవునంటే ఒక బాణం వెంబడి పోవాల, కాదంటే ఇంకో బాణం వెంబడి. ఫ్లోచార్టు అంటారంట. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ఆఫీసు లేదు, బాసు మొహం చూసింది లేదు, డబ్బాలు గీస్తే ఎవరైనా జీతమిస్తారా? ఇదేదో మోసమని, ఒకనాడు పోలీసులు వచ్చి తలుపు కొడతారని చానా కాలం భయపడినాను. మా ఆయన హనుమన్న పత్తి మార్కెట్లో హమాలీ. "పోలీసులొస్తే వాళ్ళకీ ఒక డబ్బా గీసిస్తాదిలే" అంటాడు. ఆయనకి అన్నీ నవ్వులాటే.

అప్పుడు చేస్తాండే కోర్సు పాముకాటు గురించి. చేన్లో ఎవరికైనా పాము కరిస్తే పక్కనోళ్ళు ఏం చెయ్యాలో ఫోన్‌లోనే నేర్పిస్తారంట. విషయం రాసేది ఆ గొంతువాడు, బొమ్మ గీసేది మా శ్వేత. తప్పు జవాబు నొక్కితే బాణం యాడికి పోవాల అనేదే తగాదా. కాటు పైన తాడు బిగించి కడతానని ఎవరైనా నొక్కితే, "రోగి చనిపోయాడు" అనే ఎర్ర డబ్బాలోకి పోయి మళ్ళీ మొదటి నుంచి రావాలని వాడు. ఎందుకు తప్పో చెప్పి ఒక్క మెట్టు వెనక్కి పంపితే చాలని ఇది.

"భయపెడితేనే గుర్తుంటుందండీ."

"భయపెడితే ఫోన్ మూసేస్తారండీ. మా అమ్మ మూసేసింది."

అది నిజమే. శ్వేత ఏ కోర్సు చేసినా ముందు నాకే ఇచ్చి నొక్కమంటాది. నాకు అర్థమైతే లోకానికంతా అర్థమైనట్టేనంట. ఇది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ ఎర్ర డబ్బా చూసినాక నేను ఫోన్‌ని మంచం మీద బోర్లా పెట్టి బయటికి పోయి కూచున్నాను. ఎవరు కన్న బిడ్డో ఏమో అని.

"మీ అమ్మగారొక్కరి కోసం కోర్సు చేస్తామాండీ?" అన్నాడు వాడు.

దాంతో మా శ్వేత మర్యాద ఊడిపోయింది. "మా యమ్మ జోలికొస్తే బాగుండదు, సెప్తాండా" అనింది.

ఉద్యోగం పోయిందిరా దేవుడా అనుకున్నాను. వాడేమో మెల్లగా, "మీది యా ఊరు?" అన్నాడు. ఆదోని అని చెప్పింది. వాడికి నవ్వు ఆగలేదు.

"నాది ఎమ్మిగనూరు. నువ్వు హైదరాబాదు పిల్లవనుకోని ఇన్నాళ్ళూ అండీ అండీ అని నాలిక అరగదీసుకుంటి గదా."

అట్ల తెలిసింది వాడి సంగతి. పేరు ఉరుకుందు. ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుకుంటే పుట్టినాడంట. నర్సింగు చదివి, ఆసుపత్రి వదిలేసి, ఇంట్లోనే కూచోని ఈ కోర్సులకి రాస్తాడు. ఎమ్మిగనూరు నుంచి హైదరాబాదుకి పోయి ఆడినుంచి ఆదోనికి వస్తాండాయి మాటలు, రెండూళ్ళకీ మధ్య బస్సెక్కితే గంట దారి.

మర్నాడు వాడు నాతోనే మాట్లాడాలన్నాడు. యా డబ్బా కాడ భయమైందమ్మా, ఎందుకైంది అని ఓపికగా అడిగినాడు. చచ్చిపోయినాడని రాసేస్తే ఇంక నేనేం నొక్కేది నాయనా అన్నాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. ఎర్ర డబ్బా తీసేసినాడు. నాకు అదీ భయమే అయింది. నా మాట విని కోర్సు మారిస్తే, రేపు దానివల్ల ఎవరికైనా ఏదైనా అయితే?

ఆ తర్వాత నాకేమీ అర్థం కాలేదు. పొద్దస్తమానం ఇద్దరూ కొట్లాడేవాళ్ళు. డబ్బా గుండ్రంగా ఉండాలా, మూలలు ఉండాలా అని కొట్లాట. పచ్చ రంగు ఎక్కువైందని కొట్లాట. కానీ కొట్లాటకి ముందు నా కూతురు తల దువ్వుకోవడం, మంచి టాపు వేసుకోవడం ఎందుకు? కెమెరాలో కనపడే మేరకే ముస్తాబు, కింద పాత పైజామానే. కొట్లాడి లేచినాక మొహం వెలుగుతాండేది. కొట్లాట లేని రోజు అన్నం కలిపి వదిలేసేది. మీరు స్నేహితులా శత్రువులా అని అడిగితే "పని మా" అనేది. పని ఇట్ల ఉంటాదా?

ఒకరోజు ఉరుకుందు ల్యాప్‌టాప్ రిపేరుకని ఆదోనికి వచ్చినాడు. ఎమ్మిగనూరులో రిపేరు షాపులు లేనట్టు. శ్వేత బస్టాండు దాకా పోయొస్తా అంటే నేనూ చెప్పులేసుకున్నాను. మేం పోయేసరికి వాన. మబ్బు కూడా లేని ఊళ్ళో యాడినుంచి ఊడిపడిందో. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాల మీద చినుకులతో బజ్జీల బండి పట్ట కింద నిలబడి ఉన్నాడు వాడు. ల్యాప్‌టాప్ సంచిని తన చొక్కా కింద దాచుకోని తను తడుస్తాండాడు.

ఫోన్‌లో నోరు మూయని మనుషులు, ఎదురెదురుగా నిలబడినాక ఒక్క మాట లేదు. వాడు అద్దాలు తుడుచుకుంటాడు, మళ్ళీ తుడుచుకుంటాడు. ఇది వానని చూస్తాది, వాడు చూడనప్పుడు వాడిని చూస్తాది. నేను మధ్యలో నిలబడి బొరుగుల ఉగ్గాని తింటాండాను. ఆఖరికి శ్వేతే, "అద్దాలు అరిగిపోతాయి" అనింది. వాడు, "నువ్వు పొట్టిగా ఉంటావనుకోలేదు" అన్నాడు. ఇదేం మాట? దీనికి నా కూతురు చెవుల దాకా ఎర్రబడిందేమి?

పదైదు దినాలు తిరక్కముందే ఉరుకుందు వాళ్ళమ్మా నాయనా పిల్లనడిగేదానికి మా ఇంటికి వచ్చినారు. నాయన మగ్గం నేస్తాడు. మా మామ బతికున్న కాలంలో మా ఇంట్లోనూ మగ్గమే, అంతా ఒక కులమే అని తేలింది. ఒక భయం పోయింది. అది లేచిన చోట ఇంకోటి వచ్చి కూచునింది. అబ్బాయి తాగుతాడా? పెళ్ళయినాక పిల్లని ఉద్యోగం మాన్పిస్తారా? వచ్చినవాళ్ళని అడిగినాను, పోయినాక ఫోన్ చేసి ఉరుకుందునూ అడిగినాను. ప్రతిసారీ ఓపికగా చెప్పినాడు. నాకు మాత్రం నోట్లోంచి ఊ అనే మాట రాలేదు.

వాడు చెడ్డోడని కాదు. యాడ వెతికినా చెడ్డ కనపడకపోవడమే నా భయం. ఇంతకుముందు వచ్చిన సంబంధాలోళ్ళు కూడా ఏం అడిగినా టక్కున జవాబు చెప్పినారు. మీ పిల్లని పువ్వులాగా చూసుకుంటాం, కంట నీరు రానీయం అన్నారు. వాళ్ళ సంగతులు తర్వాత బయటపడినాయి.

అంతలో వాళ్ళమ్మ నాగవేణి కబురు పెట్టింది. హొళగుందలో ఆమె అన్న తన కూతుర్ని ఉరుకుందుకే ఇస్తానని ఎప్పటినుంచో అడుగుతాండాడంట. అమావాస్య లోపల మేం ఏదో ఒకటి చెప్పకపోతే అన్నకి మాట ఇచ్చేస్తానని, ఆయన్ని ఇంక ఎన్నాళ్ళని నిలబెట్టేదని.

శ్వేత నా ముందుకొచ్చి కూచునింది. "నువ్వు ఏడుస్తాంటే నేను తాళి కట్టించుకోలేను మా. ఆయప్ప కాకపోతే ఇంకెవరినీ చేసుకోను. రెండూ చెప్పినా. ఇంక నీ ఇష్టం" అనింది. గట్టిగా కూడా అనలేదు. కొట్లాడేదానికి అలవాటు పడిన పిల్ల అట్ల నెమ్మదిగా మాట్లాడితే నాకు ఇంకా భయమైంది. హనుమన్నని అడిగితే, "నాకైతే మంచోడే అనిపిస్తాండాడు. కానీ నువ్వు నమ్మందే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు" అన్నాడు. ఆ మాట మాత్రం నవ్వకుండా అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం శ్వేత ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది నేను చేసింది కాదు. ఆయప్ప పంపినాడు. నేనింకా చూడలేదు" అని గుమ్మం కాడ పోయి నిలబడింది.

పైన "అత్త అడిగినవన్నీ" అని రాసుంది. కింద డబ్బాలు. మొదటిది, తాగుతాడా. నొక్కినాను. "లేదు. నా మాట నమ్మొద్దు, మా వీధి అంగడి బసమ్మవ్వను అడగండి" అని, కింద ఫోన్ బొమ్మ. అది కూడా నొక్కినాను. నిజంగానే ఒక ముసలామె ఎత్తింది. "తాగడు తల్లీ. తాగేటోళ్ళ పేర్లు కావాలంటే చెప్తా, రాసుకుంటావా?" అనింది. వద్దవ్వా అని పెట్టేసినాను.

ఉద్యోగం మాన్పిస్తారా. నొక్కితే ఒక ఫోటో. మగ్గం ఉన్న గదిలోనే రెండు బల్లలు, కిటికీ పక్కన ఉండేది కొత్తది, దాని మీద ఇంకా దుమ్ము కూడా పడలేదు. కిటికీ పక్కది ఆమెది అని రాసుంది.

వాళ్ళమ్మ రాచి రంపాన పెడితే. ఇది నేను హనుమన్నతో అన్న మాట, వాడికెట్ల చేరిందో. నొక్కితే నాగవేణి గొంతే వినపడింది. "వదినా, నాకు మోకాళ్ళ నొప్పులు. రాచే ఓపిక యాడుంది?" నాకు నవ్వొచ్చింది. నవ్వు రాగానే మళ్ళీ అనుమానం. అందరూ మంచి మాటలే చెప్తాండారు.

ఆఖరు డబ్బా. ఇద్దరూ కొట్లాడి మాటలు మానేస్తే?

నొక్కినాను. ఏమీ రాలేదు. గట్టిగా నొక్కినాను. అదే ప్రశ్న అట్లనే నన్ను చూస్తాండాది. పాడు చేసినానేమో అని శ్వేతని పిలిచినాను. అది వంగి చూసి, "పాడు కాలేదు మా. దీనికి బాణమే పెట్టలేదు" అనింది. దాని మొహం మారింది. "ఇట్ల వదిలేస్తే తప్పని ఆయప్పే నాకు చెప్తాడు."

ఫోన్ చెయ్యి అన్నాను. చేసి, నాకూ వినపడేటట్టు పెట్టింది.

"నాయనా, ఆఖరు డబ్బా తెరుచుకోదేమి? మరిచిపోయినావా?"

"మరిచిపోలేదత్తా. దానికి జవాబు నాకు తెలీదు. మీ కూతురికి నిజంగా కోపమొస్తే ఏం చేస్తాదో నాకింకా తెలీదు. నాకొస్తే నేనెట్లుంటానో కూడా తెలీదు. తెలీనిదానికి బాణం ఎట్ల గీసేది?"

శ్వేత నా మొహమే చూస్తాండాది. పెళ్ళి అడగడానికొచ్చి, ఆడపిల్ల తల్లికి నాకు తెలీదు అని చెప్పినవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. భయపడాల్సింది అప్పుడే గదా. కానీ ఎందుకో, ఆ తెలీదు అనే మాట కాడ నాకు కాలు నేలకి తగిలినట్టయింది. వీడు తెలిసింది చెప్తాడు, తెలీంది తెలీదంటాడు. ఇంక అబద్ధం యాడ దాక్కుంటాది?

"అయితే నేను చెప్తా, రాసుకో" అన్నాను. "ఆ డబ్బా నుంచి మా ఇంటికి గీయి బాణం. కొట్లాడితే ఇది ఒక్కతే పెట్టె సర్దుకోని రాకూడదు. నువ్వొక్కనివే వచ్చి దీని మీద చాడీలు చెప్పకూడదు. ఇద్దరూ కలిసి రావాల. మాటల్లేకపోయినా సరే, బస్సులో పక్కపక్కన కూచోని రావాల. వచ్చినాక అన్నం పెడతాను. తర్వాత సంగతి తర్వాత."

అవతల గొంతు సవరించుకున్నాడు. ఏడుస్తాండాడో నవ్వుతాండాడో నాకు తెలీలేదు.

"బస్సులో పక్కపక్కన సీటు దొరక్కపోతే అత్తా?"

ఆ భయం నాకు అంతవరకూ తట్టనేలేదు. ఎమ్మిగనూరు బస్సు ఎప్పుడు ఖాళీగా ఉంటాది?

"నిలబడుకోనైనా రండి" అన్నాను.

మార్కెట్ నుంచి అప్పుడే వచ్చిన హనుమన్న గుమ్మంలో తలపాగా విప్పుతా, "అంటే ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?" అని అడిగినాడు. నాకేం తెలుసప్పా, ముందు నాగవేణొదినకి ఫోన్ చెయ్యి, ఆమె అన్నకి మాట ఇచ్చేస్తాదేమో అన్నాను. శ్వేత అప్పటికే కళ్ళు తుడుచుకుంటా నన్ను ఆనుకోని కూచోని, ఆ డబ్బా నుంచి బాణం గీస్తాండాది.