కారు వెనక సగం

"బొమ్మ పూర్తికాకుండా ఆపాలండీ" అంది వచ్చినావిడ. కుర్చీ అంచునే కూర్చుంది.

ఆ డిటెక్టివును అందరూ నిదానంగారనేవారు. ఆయన చదువుతున్న కాగితం పక్కన పెట్టాడు. "ఎవరు వేస్తున్నారమ్మా?"

"మా ఆయన."

"ఆయనకే ఓ మాట చెప్పలేకపోయారా?" అన్నాడు సహాయకుడు.

"పోయి మూడు నెలలైంది."

సహాయకుడు తల దించుకున్నాడు.

ఆమె భర్త కార్ల కంపెనీలో కొత్త కార్లకు రూపం గీసేవాడు. మార్కర్లతో, రంగుసుద్ద పొడితో, అంతా చేత్తోనే. వేసినవి నేరుగా కంపెనీకే పట్టుకుపోయేవాడు, ఇంట్లో చూపించేవాడు కాదు. ఒక మధ్యాహ్నం బల్ల ముందే గుండె ఆగింది. బల్లమీద నీలం కారు ముందు సగం ఉంది. వెనక సగం తెల్ల కాగితం. ఆమె గదికి తాళం వేసి తాళంచెవి మెళ్ళో కట్టుకుంది. పది రోజులుగా, సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి తాళం తీస్తే కారు కాస్త పెరిగి ఉంటోంది. మొన్న తలుపు. నిన్న చక్రం. గదంతా ఆయన ఉన్నప్పటి మార్కరు వాసన.

"భయమేస్తోందా?"

"ఆయనొస్తే నాకు భయమెందుకండీ? ఇక వెనక దీపం ఒక్కటే మిగిలింది. అదీ పడితే మళ్ళీ ఎందుకొస్తారు?"

ఇంటికి వెళితే ఆమె మామగారు తలుపు తీశాడు. నలభై ఏళ్ళు లారీలకు రంగులు వేసి, సైన్‌బోర్డులు రాసిన మనిషి. చేతికర్ర కొసకు గుడ్డ చుట్టి ఉంది.

"ఈ గుడ్డేమిటి పెద్దాయనా?"

"చప్పుడు మా కోడలికి పడదు."

"మీ అబ్బాయి బొమ్మలు చూశారా?"

"కాగితం కార్లు. ఒక్కదాంట్లోనైనా బజారుకెళ్ళొచ్చామా?"

తండ్రీకొడుకులకు పదకొండేళ్ళుగా మాటల్లేవు. హాలు మధ్య చెక్కగోడ కొడుకే కట్టించాడు. ఇటు అతని బల్ల ఉన్న గది, అటు తండ్రి మంచం.

గదిలో మధ్యాహ్నమే మసగ్గా ఉంది. కుర్చీ ఎవరో ఇప్పుడే లేచినట్టు పక్కకు తిరిగి ఉంది. నిదానంగారు కారు ముందు భాగంమీద వేలు రాశాడు. వేలికేమీ అంటలేదు. వెనక భాగంమీద రాస్తే నీలం అంటింది. కాగితం అంచున గుండ్రటి నొక్కులు. మార్కర్ల మూతలు తీసి చూస్తే, నల్ల మార్కరు ములికి మీద నీలం పొడి పట్టి ఉంది. చెక్కగోడలో ఒక పలక మరలకు మాత్రం రంగు గీరుకుపోయింది.

తర్వాత భర్త పక్కసీటులో పనిచేసిన స్నేహితుణ్ణి పిలిపించి అడిగాడు.

"ముందు ఏది వేస్తారు?"

"మార్కరు. తర్వాత సుద్దపొడి దూదితో రుద్దుతాం. పొడిమీద మార్కరు పెడితే ములికి పాడైపోతుంది."

"ఆఖరున?"

"పొడి రాలకుండా మందు చల్లుతాం. ఇక అది ముగిసినట్టే."

మర్నాడు మధ్యాహ్నం అందర్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు.

"గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు చేతులున్నాయి" అని, ఆ పలక మరలు నాలుగూ వేళ్ళతోనే తిప్పి తీశాడు. అవతల మంచం కనిపించింది.

స్నేహితుడు సగం లేచాడు. "నా మీదా అనుమానం?"

"కూర్చోండి. మీరైతే పొడిమీద మార్కరు పెట్టరు. ఇక్కడ ముందు రంగు నింపి, తర్వాత నల్లటి అంచు కట్టారు. బోర్డులు రాసే చెయ్యి అది. పచ్చి రంగుకు చెయ్యి తగలకుండా కర్రమీద మణికట్టు ఆనించి గీస్తుంది. కర్ర కొస నొక్కులే ఇవి."

అందరూ ముసలాయన వైపు చూశారు.

"కర్ర లేందే నాకు గీత రాదు" అన్నాడాయన. "సగం బొమ్మ చూసి చూసి పిల్ల సగమైపోయింది. పూర్తయితే తేరుకుంటుందనుకున్నా."

నిదానంగారు కారు ముందు సగంమీద మళ్ళీ వేలు రాసి చూసుకున్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు.

"ఇంకోటి చెప్పాలమ్మా. ముందు సగంమీద మందు చల్లి ఉంది. మీ ఆయన ఆ రోజే ముగించేశారు. వెనక తెలుపు కావాలని వదిలిందే."

"ఆయన పద్ధతే అది" అన్నాడు స్నేహితుడు మెల్లిగా. "కారు వెలుతుర్లో కలిసిపోతున్నట్టు."

"అంటే ఆయనకిక్కడ పనేం మిగల్లేదు" అందామె.

"లేదమ్మా."

"అయితే వాడిది నేను పాడుచేశా" అన్నాడు ముసలాయన.

ఆమె వంగి బొమ్మను చూసింది.

"చక్రం వంకరొచ్చింది, మామయ్యా."

"లారీలకు అలవాటుపడ్డ చెయ్యి."

"ఆయన చూస్తే నవ్వేవారు."

"నవ్వడమ్మా. దెబ్బలాడేవాడు."

ఆమె నేలమీద కూలబడి ఏడ్చింది. మూడు నెలల్లో ఆ ఇంట్లో అదే మొదటి ఏడుపు. ముసలాయన కష్టంమీద వంగి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.