వీపు వెనక బుస

కొండ మీది శాటిలైట్ స్టేషన్‌లో పెద్ద డిష్‌కి ఎదురుగా ఒక ఖాళీ క్వార్టర్ ఉండేది. దానికి మంచి పేరు లేదు. పట్టపగలు కూడా దాని పక్కనుంచి వెళ్ళేవాళ్ళు గబగబా అడుగులేసేవారట.

అందులో ఉండే ముసలి ఆపరేటర్ ఆ ఇంట్లోనే నిద్రలో పోయాడు. ఆయన్ని అందరూ చెవులాయన అనేవారు. ఆకాశంలోంచి వచ్చే సిగ్నల్ నేలకు చేరేసరికి నీరసించిపోయి ఉందా లేదా అన్నట్టుంటుంది. దాన్ని ఎంత రొదలోంచైనా ఏరి పట్టుకునేవాడు. గాలి లేచిందంటే అర్ధరాత్రయినా పెరటి తలుపు తీసుకుని డిష్ దగ్గరికి నడిచేవాడు. డిష్ పక్కకు తిరిగిపోకుండా దాని బ్రేకు చక్రం బిగించి వచ్చేదాకా ఆయనకు నిద్రపట్టేది కాదు.

ఆయన పోయిన కొన్నాళ్ళకు, గాలి రాత్రుల్లో రిసీవర్‌లో ఒక బుస మొదలైంది. వస్తుంది… ఆగుతుంది… మళ్ళీ వస్తుంది. అచ్చం ముసలివాళ్ళ ఊపిరిలా. అదే సమయానికి క్వార్టర్ వైపు ఏదో వెలుగు కూడా కనిపిస్తుందని చూసినవాళ్ళు ఒట్టేసి చెప్పారు.

మరి అంత చదివిన ఇంజినీర్లు ఏం చేశారంటారా? ఫిల్టర్లు మార్చారు, కేబుళ్ళు మార్చారు, ఆఖరికి చేతులెత్తేశారు. బుస రాగానే స్పీకర్ కట్టేసి, "పెద్దాయన వచ్చాడు, పోయేదాకా ఆగుదాం" అనడం అక్కడ మామూలైపోయింది. వెళ్ళి చూసిన మొనగాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. గాలి కిటికీలను ఊపేస్తోంది. ఆమె భర్త ఉన్న పడవ సముద్రం మీద ఉంది.

పడవల నుంచి వచ్చే కబుర్లన్నీ ఆ డిష్‌కే చేరతాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి. పైన ఆమె భర్త ఉన్న పడవ పేరే.

"ఇంజిన్ ఆగింది. నీళ్ళు ఎక్కుతున్నాయి. మేమున్న చోటు—"

బుస!

మిగిలిందంతా పిచ్చి గీతలు. పడవలోని యంత్రం అదే కబురు మళ్ళీ మళ్ళీ పంపుతోంది. ప్రతిసారీ ఎక్కడో తెగిపోతోంది. చోటు మాత్రం చిక్కడం లేదు.

రక్షణ పడవలవాళ్ళకు ఫోన్ చేసింది. "చోటు చెప్పమ్మా," అన్నాడు అవతలాయన. "సముద్రమంతా ఎక్కడని వెతుకుతాం?"

ఆమె చేతి రిసీవర్ తీసుకుని బయటపడింది.

బుసను వెతికే పద్ధతి చెవులాయన నేర్పిందే. రిసీవర్‌ను గుండెకు ఆనించుకుని మెల్లగా గుండ్రంగా తిరగాలి. మన ఒళ్ళే అడ్డుగోడ. బుస ఎప్పుడు బాగా తగ్గుతుందో, అప్పుడది సరిగ్గా మన వీపు వెనక ఉన్నట్టు.

తిరిగింది… ఇంకా ఉంది. ఇంకొంచెం తిరిగింది… ఇంకా ఉంది. మరికొంచెం—

తగ్గింది.

ఎదురుగా డిష్. మరి వీపు వెనక ఏముందో చూడక్కర్లేదు. ఆ క్వార్టరే.

మామూలు రాత్రయితే పరుగు లంకించుకునేదే. కానీ నీళ్ళెక్కుతున్న పడవలో ఉన్నది తన మనిషి. పళ్ళబిగువున క్వార్టర్ పెరటి వైపు నడిచింది.

"మాస్టారూ…" అని పిలిచింది. "మీరేనా? ఇవాళొక్కరోజు ఊరుకోండి మాస్టారూ…"

బుస ఆగింది.

ఆమె ఇంకో అడుగు వేసింది. పెరట్లో భగ్గున వెలుగు! రిసీవర్ ఒక్కసారిగా బుసకొట్టింది. అరవడానికి నోరు తెరిచి… అలాగే ఉండిపోయింది.

పెరటి తలుపు పైన ఒక చిన్న లైటు. ఎవరైనా వస్తే దానంతటదే వెలిగే నాసిరకం లైటు.

కదలకుండా నిలబడింది. కాసేపటికి లైటు ఆరింది, బుస ఆగింది. చెయ్యి ఊపింది. లైటు వెలిగింది, బుస వచ్చింది.

"ఓసి నీ దుంపతెగ!" అంటూ విరిగిన స్టూలొకటి లాక్కుని ఎక్కి, లైటును తీగతో సహా పీకిపారేసి పరుగెత్తింది.

రిసీవర్ గది నిశ్శబ్దంగా ఉంది. తెర మీద కబురు పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా ఉంది. రక్షణ పడవలవాళ్ళకు ఫోన్‌లో చోటు చదివింది.

తెల్లవారుతుండగా ఫోన్ మోగింది.

"ఏమే, పడుకున్నావా?"

భర్త గొంతు. తిట్టాలనుకుంది, ఏడుపొచ్చేసింది.

పొద్దున్నే గేటు దగ్గరి వాచ్‌మన్ ముందు ఆ లైటు పెట్టింది. ఆయన తల దించుకున్నాడు.

"నేనే పెట్టానమ్మా. అటు రౌండ్‌కి వెళ్ళాలంటే భయమేసి… చెబితే నవ్వుతారని చెప్పలేదు."

"నీ భయమే మాకు దెయ్యమై కూర్చుంది బాబాయ్!" నవ్వింది. "గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా ఇది వెలగడం, దీని కరెంటు రొదకి అక్కడ మా సిగ్నల్ పాడవడం."

వాచ్‌మన్ లైటును చేతిలోకి తీసుకున్నాడు.

"కొమ్మకి వెలగదమ్మా ఇది. ఆ మాట అడిగే కొన్నాను. మనిషి ఎదురుగా నడిస్తేనే వెలుగుతుంది."

"అయితే రాత్రి అటు వెళ్ళింది నువ్వేగా?"

"ఆ గాలికా? గేటు గది వదల్లేదు తల్లీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది… రాత్రి కంగారులో, డ్యూటీలో ఉన్న తను బిగించాల్సిన డిష్ బ్రేకు బిగించనేలేదు. అంత గాలికి డిష్ ఎప్పుడో పక్కకు తిరిగిపోవాలి. కబురే అందకూడదు.

డిష్ దగ్గరికి పరుగెత్తింది. చక్రం మీద రెండు చేతులూ వేసి తిప్పింది. వీసమెత్తు కదల్లేదు. ఎవరో గట్టిగా బిగించి వెళ్ళారు.

వెనకే వచ్చిన వాచ్‌మన్ గుసగుసగా అడిగాడు.

"మళ్ళీ లైటు పెట్టమంటావా అమ్మా… మంచిది కొని?"

ఆమె కళ్ళు తుడుచుకుని, క్వార్టర్ పెరటి తలుపు వైపు చూసింది.

"వద్దు బాబాయ్. ఆయనకి చీకట్లో దారి తెలుసు."