ఒక కన్ను పెద్దది

ఇది చిన్న కథ. టీ చల్లారేలోపు చెప్పేస్తాను.

కొండ రోడ్డు దిగుతూ దిగుతూ వచ్చి, చివర్లో ఒక్కసారిగా తిరిగే మలుపు దగ్గర ఒక ఖాళీ ఇల్లుంది. రోడ్డు వైపు గోడంతా నేల నుంచి కప్పు దాకా అద్దమే. ఆ ఇంటాయన ఒకరోజు "ఐదు నిమిషాల్లో వస్తా" అని కారు తీశాడట. ఇల్లాలు అద్దం వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన రాలేదు... కొన్నేళ్లకి ఆవిడా పోయింది... కుర్చీ మాత్రం అక్కడే ఉందంటారు. చీకటి పడ్డాక ఆవిడ ఆ దారిన వచ్చే బండిని వెనక నుంచి పట్టుకుని ఆపుతుందట. లోపలికి తొంగి చూస్తుందట. తన మొగుడు కాదనుకుంటే వదిలేస్తుంది.

అవుననుకుంటే ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

మా వీధి టైలరుని కూడా ఆపిందట. మర్నాడు స్కూటరు ట్యాంకు మూత తీసి చూస్తే పెట్రోలు వాసన కూడా లేదు. అదీ ఆవిడే తాగేసిందంటాడు. పోస్టుమాస్టరుగారిని చూసి పకపకా నవ్విందట. ఆయన్ని చూసి నవ్వనివాళ్లు మనుషుల్లో మాత్రం ఎవరున్నారు గనక. ఆయన టోపీ గురించి చెప్పాలంటే... వద్దు, టీ చల్లారిపోతుంది.

కళ్లజోళ్ల షాపాయన, లిఫ్టులు బాగుచేసే ఆయన తోడల్లుళ్లు. అక్కని చేసుకున్నది కళ్లజోళ్లాయన, చెల్లెల్ని చేసుకున్నది లిఫ్టులాయన. మామగారు నలభై ఏళ్లు లారీ తోలి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం కొండకి ఆవలివైపున్న తన అక్కగారింటికి వెళ్లొస్తారు. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లడం ఆ ఇంటి అల్లుళ్లకి కిరీటం పెట్టినట్టు.

ఆ కిరీటం చాలాకాలం పెద్దల్లుడిదే. చిన్న కారు, పెద్ద ఇంజను, పేరున్న మోడలు... ముందు కొన్నది ఆయనే. నాలుగు నెలలకి చిన్నల్లుడు సరిగ్గా అదే మోడలు కొన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నాలుగు చక్రాలకీ పళ్లేల్లాంటి పెద్ద ఇనప బ్రేకు డిస్కులు, వాటిని బిగించి పట్టే కొత్త కాలిపర్లు వేయించాడు. పసుపు రంగువి. చక్రం ఊచల్లోంచి కనబడుతూ ఉంటాయి.

కళ్లజోళ్లాయనకి ఆ పసుపు రంగు కంట్లో నలుసైంది.

దానికితోడు ఒక ఆదివారం సాయంత్రం దిగుడులో తొక్కీ తొక్కీ ఆయన కారు బ్రేకులు వేడెక్కి, సరిగ్గా అద్దాలింటి మలుపులో పట్టు వదిలేశాయి. కారు జారుకుంటూ వెళ్లి ఆ ఇంటి మెట్టుకి ముక్కు ఆనించి ఆగింది. మామగారు ఒక్క మాటనలేదు. తలుపు తీసుకుని దిగి, మిగిలిన మైలున్నరా నడిచి ఇంటికెళ్లారు. పై ఆదివారం చిన్నల్లుడి పక్కన కూర్చున్నారు.

ఒక మనిషిని తిట్టకుండా చంపడం ఎలాగో ఆ తరం వాళ్లకి తెలుసు.

రెండు నెలలు కళ్లజోళ్లాయన వెనక కారులో, ముందు కారు అద్దంలోంచి మామగారి బట్టతల చూస్తూ ప్రయాణం చేశాడు. ఆ తల అప్పుడప్పుడూ మెచ్చుకోలుగా ఊగేది. చివరికి ఆయనా డిస్కులు తెప్పించాడు. తోడల్లుడి వాటికంటే అంగుళం పెద్దవి. అంత పెద్దవి ముందు చక్రాలకే దొరికాయి. వెనక పాతవే ఉంచాడు. మెకానిక్కుకి చెబితే వార్త లిఫ్టులాయనకి చేరిపోతుందని ఇంటి షెడ్డులో తనే బిగించుకున్నాడు. బ్రేకు నూనెలో గాలి తీయడానికి భార్యని సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కించాడు.

"తొక్కు... పట్టుకో... వదులు."

ఆవిడ అరగంట తొక్కింది. ఆఖర్న చెప్పింది. "ఏవండీ, మా చెల్లి కారులో ఇంత మెత్తగా ఉండదు. కాలు పెడితే రాయిలా తగులుతుంది."

అంతే. ఆయన వెల్లకిలా పడుకుని పెడల్ కిందికి దూరాడు. పెడల్‌ని లోపలికి కలిపే రాడ్డొకటి ఉంటుంది. దాన్ని రెండు చుట్లు తిప్పి పొడవు చేశాడు. తొక్కమన్నాడు. బాగుందంది. చెల్లెలి దానంత ఉందా అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ఒక్క క్షణానికి ఆయన ఇంకో చుట్టు తిప్పాడు.

పెడల్ గోడైపోయింది.

శుక్రవారం షాపు మూసి, ఎవరూ చూడకుండా పరీక్షించుకుందామని చీకట్లో కొండెక్కాడు. దిగుడు మొదలైంది. మొదటి మలుపులో బొటనవేలు ఆనిస్తే చాలు, కారు ఆగిపోతోంది. రెండో మలుపులో ఆయన ఈల వేశాడు. మూడో మలుపులో...

ఏదో కాలిన వాసన.

ఎవరో చెత్త తగలేశారనుకున్నాడు. ఈల మాత్రం ఆపేశాడు.

దిగుడు అయిపోయింది. అద్దాలిల్లు కనబడింది. బ్రేకు మీద కాలు లేదు — అయినా కారు నెమ్మదిస్తోంది. యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజను మూలిగింది. కారు కదిలీ కదలనట్టు... వెనక నుంచి ఎవరో రెండు చేతులా పట్టుకుని లాగుతున్నట్టు... సరిగ్గా ఆ అద్దం పక్కన, మెట్టుకి జానెడు దూరంలో ఆగిపోయింది. ఇంజనూ ఆగింది.

నిశ్శబ్దం.

టిక్... టిక్... టిక్...

ఎవరో గోటితో ఇనుము మీద కొడుతున్న చప్పుడు. కారు కిందనుంచి.

ఆయన తల తిప్పకూడదనుకుంటూనే తిప్పాడు. అద్దంలో, నేలకి జానెడు ఎత్తున... రెండు ఎర్రటి కళ్లు.

రెప్ప వేయడం లేదు. నిప్పుల్లా ఉన్నాయి. ఎంత భయపడ్డా ఇరవై ఏళ్ల వృత్తి ఎక్కడికి పోతుంది, ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నదని ఆయన గమనించాడు. రెండింటికీ మధ్య నిలువెత్తు మనిషి పడుకునేంత ఎడం. అలాంటి మొహానికి సరిపడే ఫ్రేము తన షాపులో లేదనుకున్నాడట. ఈ మాట తర్వాత ఆయనే చెప్పాడు.

భార్యకి ఫోను చేశాడు.

"పట్టుకుంది," అన్నాడు గుసగుసగా.

"ఎక్కడ?"

"అద్దాలిల్లు."

"అద్దాలు ఎత్తి, కదలకుండా కూర్చోండి. మరిదిని పంపిస్తున్నా."

"వద్దు... వద్దు..." ఆయన ఒకసారి ఆ కళ్ల వైపు చూశాడు. "దీంతోనే ఉంటాను."

ఆవిడ అప్పటికే పెట్టేసింది.

ఆ తర్వాత పావుగంట ఆయన దేన్ని తలుచుకుని ఎక్కువ వణికాడో ఆయనకే తెలియాలి. మెల్లగా చిన్న కన్ను మూసుకుంది. కాసేపటికి పెద్దదీ మూసుకుంది. సరిగ్గా అప్పుడే, సాక్ష్యం ఏమీ మిగలకుండా, లిఫ్టులాయన టార్చి పట్టుకుని దిగాడు.

కళ్ల సంగతి, చప్పుడు సంగతి విన్నాడు. వాసన చూశాడు. చక్రం దగ్గర చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. తలుపు తీసి పెడల్‌ని చేత్తో నొక్కాడు. ఆ తర్వాత ఆయన మొహంలో వచ్చిన జాలి ఉంది చూశారూ... కళ్లజోళ్లాయన్ని దెయ్యం కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

"రాడ్డు తిప్పావా అన్నయ్యా?"

లిఫ్టులాయన పెడల్‌ని ఇంకోసారి నొక్కి చూపించాడు.

"పెడల్‌కి కాస్త ఖాళీ ఉండాలి. నూనె వేడెక్కి పొంగితే వెనక్కి పోవడానికి చోటు కావాలి కదా. నువ్వు ఆ చోటు మూసేశావు. దాంతో కాలు తీసినా బ్రేకులు వదల్లేదు. డిస్కులు ఎర్రగా కాలాయి. ఆ ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంది. ఈ పక్క చక్రాలు రెండూ అద్దంలో కనబడ్డాయి. ముందుది పెద్దది, వెనకది చిన్నది."

స్పానరు తెచ్చి మూడు చుట్లు వెనక్కి తిప్పాడు. చల్లబడిన కారు బుద్ధిగా కదిలింది.

"ఎవరికీ చెప్పకు తమ్ముడూ," అన్నాడు కళ్లజోళ్లాయన.

"నేనెందుకు చెబుతాను?" అన్నాడు లిఫ్టులాయన.

పొద్దున టిఫిను వేళకి టైలరుకి కూడా తెలిసిపోయింది.

ఆదివారం మామగారింట్లో లిఫ్టులాయన ఆ కథని చేతులతో, కళ్లతో, మూలుగుతో సహా వినిపించాడు. ఆడవాళ్లు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. కళ్లజోళ్లాయన తన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడవడానికి అందులో ఇంకేమీ మిగల్లేదు. మామగారు మాత్రం నవ్వలేదు.

"మెట్టుకి తగిలిందా?"

"లేదండీ, జానెడు దూరంలో ఆగింది. కానీ మావయ్యగారూ, అది రాడ్డు వల్ల..."

"బ్రేకు తొక్కాడా?"

"తొక్కలేదండీ. అదే కదా తప్పు..."

మామగారు లేచి చెప్పులు వేసుకున్నారు. "నలభై ఏళ్లు ఆ దారిన తోలాను. ఆ మలుపులో తొక్కకుండా ఆగిన బండి లేదు. ఆవిడ పెద్దల్లుడిగారిని పట్టుకుని కాపాడింది. నాకు మిషన్లంటే నమ్మకం లేదు. ఆవిడంటే ఉంది."

వెళ్లి పెద్దల్లుడి కారు ముందు తలుపు తీసుకుని కూర్చున్నారు.

లిఫ్టులాయన కారు కిటికీ దగ్గర నిలబడి రాడ్డు గురించి మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. అది తనే సరిచేశానని కూడా చెప్పాడు. మామగారు అద్దం ఎత్తేసుకున్నారు. ఆ రోజు కొండ మీద వెనక కారు లిఫ్టులాయనది. ముందు బట్టతల ఊగుతూ ఉంది.

ఆ రాత్రి లిఫ్టులాయన షెడ్డులో చాలాసేపు లైటు వెలిగింది. ఆయన రాడ్డుని ఎన్ని చుట్లు తిప్పాడో కూడా టైలరు చెప్పగలడు.

గురువారం రాత్రి పోస్టుమాస్టరుగారు కొండ దిగి వస్తుంటే అద్దాలింటి ముందు ఒక కారు ఆగి ఉంది. లోపల లిఫ్టులాయన. కాలిన వాసన. అద్దంలో ఎర్రటి కళ్లు. రెండూ సమానంగా ఉన్నాయట.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ కళ్లజోళ్లాయన, వెనక చక్రాలకి కూడా పెద్ద డిస్కులు పడతాయా అని కనబడినవాళ్లందరినీ అడుగుతున్నాడు.