తిరగేసిన రీలు

గౌరీశ్వరికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కన్నకూతుర్ని తన దగ్గర్నుంచి తీసుకుపోతారని.

ఆ మాట చెప్పుకోడానికే సీతమ్మధార నుంచి బస్సు మారి, వన్ టౌన్‌లో డిటెక్టివ్ నీలకంఠం ఆఫీసు మెట్లెక్కింది. వెంట నడక వచ్చీరాని పాప. పాప కుర్చీ కోడు పట్టుకుని లేస్తుంటే ఒక కన్ను అటే వేసి, ముందుది వెనక, వెనకది ముందు చెప్పసాగింది. నీలకంఠం నుదురు రుద్దుకున్నాడు.

"అమ్మా, ముందు బీచిలో ఏం జరిగిందో చెప్పండి. మీ అత్తగారి సంగతి తర్వాత."

"పోయిన నెల ఓ సాయంత్రం అందరం వెళ్ళామండి. మావారు, ఆయన అన్నగారు, అత్తగారు, మా ఆయా అప్పాయమ్మ. నాను పాలు కలుపుదామని ఫ్లాస్కు మూత తీస్తన్నాను. అంతే. కెరటం పాపని లాక్కుపోయింది. అప్పాయమ్మ దూకి తెచ్చింది. ఓ కాలి వెండిపట్టీ సముద్రంలో పోయింది. పోతే పోయింది, పిల్ల దక్కిందనుకున్నాం. నిన్న బావగారు ఆ రోజు సినిమా గోడ మీద ఆడించారు. అందులో..."

ఆమె పాపని ఒళ్ళోకి లాక్కుంది. నీలకంఠం సహాయకుడు ఎల్లాజీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"అందులో అప్పాయమ్మ పాప చెయ్యి పట్టుకుని ఇసకలో నడిపిస్తంది. తర్వాత పాప ఒక్కత్తే నీళ్ళ అంచున ఉంది. కెరటం వచ్చింది. బొమ్మ ఆగిపోయింది. చెయ్యి వదిలేసిందని అత్తగారు ఆయాని అప్పుడే గెంటేసింది. 'పిల్లని ఆయా మీదొగ్గేసి కూకున్న తల్లివి, నీకెందుకే పిల్ల? ఆదివారం ఊరు తీసుకుపోతాను' అని గౌన్లు కూడా సర్దేసింది."

"సినిమా తీసిందెవరు?"

"అదే తేలడం లేదండి! బావగారిది కీ తిప్పే పాత కెమెరా. మావారిది బ్యాటరీది, ఓడ దిగినోళ్ళ దగ్గర కొన్నారు. నాది గొప్పంటే నాది గొప్పని ఒకటే గోల. ఆ రోజు ఒకరిదొకరు మార్చుకుని కూడా చూశారు. ఇప్పుడడిగితే ఆయన ఈయన్నీ, ఈయన ఆయన్నీ చూపిస్తారు."

"ఏటి బాబూ ఇది!" అన్నాడు ఎల్లాజీ. "కెమెరాలు సూసుకున్నారు గానీ పిల్లని సూసుకోలేదా?"

నీలకంఠం చెప్పులు తొడుక్కున్నాడు. "ముందు ఆయాని చూద్దాం పద."

జాలారిపేటలో అప్పాయమ్మ ఇంటిముందు చేపలు ఆరబెడుతోంది. మాటమాటకీ దగ్గు.

"ఉప్పునీళ్ళు మింగీసినాను బాబూ. గుండెల్లో పట్టేసింది."

"పాప చెయ్యి ఎందుకు వదిలావు?"

"బొమ్మ తీస్తన్నారు గదా! పనోళ్ళం మజ్జిలో ఉంటే బొమ్మ పాడైపోదా? తప్పుకోమని సెయ్యి ఊపితే పక్కకి జరిగినాను. ఎప్పుడూ అలాగే జరుగుతాను."

"ఊపిన చెయ్యి ఎవరిది?"

"ఎండ కళ్ళల్లో కొడతంది. ఇద్దరి మొకాలకీ డబ్బాలే. ఎవులని సెప్పను?" ఆమె దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుంది. "పాప బువ్వ తింటందా బాబూ?"

ఆ సాయంత్రం సీతమ్మధార ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టాడు నీలకంఠం. గౌరీశ్వరి భర్త గురునాథరావు పోర్టులో గుమాస్తా. అన్నగారు శ్రీరామ్మూర్తి కూర్మన్నపాలెంలో ఉంటూ స్టీల్ ప్లాంటు పనులు చూస్తాడు. తల్లి జోగమ్మ గౌన్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు కెమెరాలూ, నిన్న ఆడించిన రీలూ బల్ల మీద ఉన్నాయి. ఇంక చూడాలి ఆ అన్నదమ్ముల్ని!

"నా దాంట్లో బొమ్మ పెద్దది సార్," అన్నాడు గురునాథరావు. "డబ్బా పెట్టి బటన్ నొక్కడమే. మా అన్నయ్య దాంట్లో సగం అయ్యాక మూత తీసి, రీలు తిరగేసి, మళ్ళీ పెట్టాలి. ఆయన తిరగేసేలోగా పెళ్ళికూతురు అత్తారింటికి పోద్ది!"

"ఒరే, నాది ఇనుము. బ్యాటరీ అయిపోతే నీది సబ్బుపెట్టె."

"సబ్బుపెట్టెకి ఎంత జూమ్ ఉందో తెలుసా?"

"మీ ఇద్దరూ కాసేపు నోరు మూస్తారా?" అన్నాడు నీలకంఠం. "ఇక్కడొక తల్లి పిల్ల కోసం ఏడుస్తోంది."

అతను రీలును దీపానికి అడ్డంగా పట్టాడు. "అంచున కన్నాలు పెద్దవి. బ్యాటరీ కెమెరా ఫిల్ముకి సన్నగా ఉంటాయి. కాబట్టి ఇది పాత కెమెరాలో తీసిందే."

"ఆ టయానికి అది వీడి చేతిలోనే ఉంది," అన్నాడు శ్రీరామ్మూర్తి వెంటనే.

"తిరిగిచ్చేశాను కదా అన్నయ్యా!"

"గురునాథరావుగారూ, ఈ పాత కెమెరాలో పాడైన రీలు పెట్టాను. సగం అయిందనుకుని తిరగేయండి."

గురునాథరావు మూత కోసం వెతికాడు. కీ తిప్పాడు. మళ్ళీ వెతికాడు. చివరికి మూత ఊడింది, రీలు జారింది, ఫిల్మంతా చుట్టలు చుట్టలుగా ఒళ్ళోకి దూకింది. పాప చప్పట్లు కొట్టింది.

"చాలు. సినిమాలో రెండు సగాలూ శుభ్రంగా ఉన్నాయి. తిరగేసింది అలవాటున్న చెయ్యి."

శ్రీరామ్మూర్తి కుర్చీలో సర్దుకున్నాడు. "అయితే నేనే తీశాను. తీస్తే తప్పేటి? ఆయా చెయ్యి వదిలినట్టు బొమ్మలో ఉంది కదా."

"ఉంది. మీరు అలా అతికించారు గనక ఉంది." నీలకంఠం ఫిల్మును మధ్య దాకా లాగాడు. "ఈ ఫిల్ము వెడల్పులో ఒక పక్క ముందు తీస్తారు, తిరగేశాక రెండో పక్క. కడిగేవాళ్ళు నిలువునా చీల్చి, జిగురుతో వరసగా అతికించి పంపుతారు. ఇక్కడ జిగురు గీకేసి ఉంది, పైన టేపు ఉంది. రెండు సగాలూ తారుమారు చేశారు. అమ్మా, ఆ రోజు పట్టీలు ఎవరు పెట్టారు?"

"నానే. రెండూ మరలు బిగించాను," అంది గౌరీశ్వరి.

"ఎల్లాజీ, భూతద్దం పెట్టి చూడు. కెరటం ముందు పాప కాళ్ళు."

"రెండు పట్టీలూ మెరుస్తన్నాయి బాబూ."

"ఆయా నడిపిస్తున్నప్పుడు?"

ఎల్లాజీ ఒంగి చూసి, నోరు తెరిచేశాడు. "ఒక్క కాలికే ఉంది! సముద్రంలో పోయాక తీసిన బొమ్మ ఇది! అప్పాయమ్మత్త పాపని బయటికి తెస్తంది!"

"కాపాడి తీసుకొస్తున్న మనిషిని, వదిలేసి పోతున్న మనిషిని చేశారు. ఎందుకో కూడా ఇందులోనే ఉంది. సాయంత్రం ఎండ ఊరివైపు నుంచి పడుతుంది. సముద్రం వైపు తిరిగి బొమ్మ తీస్తే తీసేవాడి నీడ ఎదురుగా ఇసక మీద పడుతుంది. అందరూ పాపని చూశారు, నీడని చూడలేదు. ఒక చెయ్యి కంటి దగ్గర, రెండోది గాల్లో. ఆయా తప్పుకున్నాక కూడా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది. ఇంకా లోపలికి పొమ్మని, పాపకి."

గౌరీశ్వరి పాపను రెండు చేతులా అదుముకుంది.

"కెరటంతో బొమ్మ బాగుంటుందనుకున్నాను," అన్నాడు శ్రీరామ్మూర్తి. "వీడి కెమెరా కంటే బాగా రావాలని. అప్పాయమ్మ దూకడం చూశాను కదా, ఇంకేం కాదనుకున్నాను. ఈలోగా రీలు సగం అయిపోయింది. తిరగేశాను."

గురునాథరావు తన కెమెరాను బల్ల మీంచి తీసి, ఏం చెయ్యాలో తెలియక కింద పెట్టాడు.

"పిల్ల మునిగిపోతంటే రీలు తిరగేసినావేటిరా?" అంది జోగమ్మ. "నాను నీ బొమ్మ నమ్మి ఆ మనిషిని మెడపట్టి గెంటీసినాను."

ఆమె లేచి, గౌన్ల సంచి తెచ్చి కోడలి పక్కన పెట్టింది. క్షమించమని మాత్రం అనలేదు. అత్తగార్లు అలాగే ఉంటారు. గౌరీశ్వరి ఆ సంచి ముడి అక్కడికక్కడే విప్పేసింది.

మర్నాడు పొద్దున్నే పాపనెత్తుకుని ఎల్లాజీతో జాలారిపేట వెళ్ళింది. అప్పాయమ్మ ఇంటికి తాళం. దగ్గు ఎక్కువైతే భీమిలి నుంచి చెల్లెలొచ్చి తీసుకుపోయిందట. ఏ వీధో ఎవరికీ తెలీదు. నీలకంఠం ఒకసారి వెళ్ళి వెతికాడు, దొరకలేదు. ఎంత తెలివైన డిటెక్టివైతే మాత్రం, అడ్రసు లేని మనిషిని ఎక్కడని వెతుకుతాడు?

అందుకే అడగడం. మీరెవరైనా భీమిలి రేవు వైపు వెళ్తే, అప్పాయమ్మ అనే దగ్గుమనిషి ఉందేమో కాస్త వాకబు చెయ్యండి. డాక్టరుకి చూపించారో లేదో కనుక్కోండి. తప్పు ఆమెది కాదని అందరికీ తెలిసిందని చెప్పండి. పాప బువ్వ తింటోందని కూడా చెప్పండి.