ఊపిరి తీసే సీసా

ఆదివారం మధ్యాహ్నం. బయట ఎండ ఫెళఫెళలాడుతోంది. లోపల మాత్రం ఏ కాలమైనా ఒకటే చల్లదనం, ఒకటే తెల్లటి వెలుగు. ఆ ల్యాబ్‌కి కిటికీలు లేవు.

సెలవు పూట కూడా చిట్టి పనికి వచ్చిందంటే కారణం కణాలే. వాటికి ఆదివారమని తెలియదు, ఆకలి మాత్రం తెలుసు. పొడవాటి బల్ల మీద వరసగా సీసాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటీ గ్లాసంత. రేపు ఫ్యాక్టరీలో గదంత ట్యాంకుల్లో చేయబోయే పనిని ముందు ఈ బుల్లి బయోరియాక్టర్లలో చేసి చూస్తారు. లోపలున్న కణాలు పోషక ద్రవం తాగుతూ, గొట్టాల్లోంచి వచ్చే గాలి పీలుస్తూ, యాంటీబాడీని తయారుచేస్తాయి. జబ్బు పడ్డవాళ్ళకి మందయ్యేది అదే. ఏ సీసాకి ఎంత మేత వేస్తే, ఎంత గాలి పంపితే మందు ఎక్కువ దిగుతుందో తేల్చడం చిట్టి పని. కంటికి రెప్పలా కాచుకుంటుంది వాటిని. "నన్నైనా ఇంత బాగా చూసుకోవు కదే" అని మొగుడు వెక్కిరిస్తుంటాడు.

ఆ రోజు మూలనున్న సీసా తేడాగా కనిపించింది.

ప్రతి సీసాకీ తెర మీద ఒక గీత ఉంటుంది. ద్రవంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే గీత. గాలిని మిషనే సర్దుతుంది కాబట్టి అది తిన్నగా సాగిపోవాలి. మూల సీసా గీత మాత్రం లేస్తోంది, పడుతోంది. మళ్ళీ లేస్తోంది... పడుతోంది. సెన్సర్ పాడైందనుకుని కొత్తది పెట్టింది. గొట్టం మార్చింది. అయినా అంతే.

తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. పెద్దమ్మ కొడుకు. ఈ బిల్డింగ్‌కి ఎలక్ట్రీషియన్ అతనే. యూపీఎస్ పాత బ్యాటరీలు పీకి కొత్తవి బిగించడానికి సెలవు రోజు చూసుకుని వచ్చాడు.

"పాతవి తీసేశానే చిట్టీ. కొత్తవి పెట్టేదాకా కరెంటు పోకూడదని మొక్కుకో."

"నీ నోట మంచి మాటే రాదా అన్నయ్యా?"

అతను పకపకా నవ్వాడు. తెర మీద మూల సీసా గీత గబగబా వణికింది.

చిట్టి చూపు అక్కడే ఆగిపోయింది. అన్నయ్య నవ్వు ఆపి దగ్గాడు. గీత రెండుసార్లు ఎగిరిపడింది.

"ఒక్కసారి ఊపిరి బిగబట్టు" అంది.

"ఎందుకే?"

"బిగబట్టు, చెప్తాను."

బుగ్గలు పూరించి, కళ్ళు పెద్దవి చేసి, కోతిలా మొహం పెట్టాడు. గీత ఆగిపోయింది. తిన్నగా, లాగి కట్టిన దారంలా. "హమ్మయ్య" అని అతను గాలి వదిలేసరికి మళ్ళీ కదిలింది.

చిట్టి మళ్ళీ చేయించింది. మళ్ళీ అంతే.

"ఇదేదో నీ మిషన్ల తమాషా" అన్నాడు అన్నయ్య. కానీ నవ్వడం మానేశాడు. సీసాకి రెండడుగులు దూరం జరిగాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. సీసాల్లో ద్రవాన్ని కలిపే చిన్న చిన్న రెక్కల గిరగిర ఒకదాని తర్వాత ఒకటిగా నెమ్మదించి ఆగిపోయింది. గొట్టాల్లో గాలి చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎప్పుడూ ఎరగదు. పులిసిన పిండి వాసనొకటి మెల్లగా కమ్ముకుంది.

"జనరేటర్ వేసొస్తా, కదలకు..." అని అడుగేశాడు అన్నయ్య.

ధబ్బుమని చప్పుడు.

"అన్నయ్యా!"

చిట్టి ఫోన్ లైటు వేసింది. అతను నేల మీద పడి ఉన్నాడు. రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. నోరు తెరుచుకునే ఉంది. లోపలికి గాలి పోవడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి.

"చిట్టీ... గాలి..."

పరుగెత్తి ఎవరినైనా పిలవాలి... ఎవరు వస్తారు ఈ పూట? లైటు వెలుగు బల్ల మీదికి తిరిగింది. మూల సీసా. కదలని ద్రవం. గాలి ఆగిన కణాలు కాసేపే బతుకుతాయని ఆమెకి తెలుసు.

ఆలోచించలేదు. పెద్ద సిరంజి అందుకుని, సీసా గాలి గొట్టానికి తగిలించి, గట్టిగా నొక్కింది. బుడబుడమని బుడగలు లేచాయి.

నేల మీద అన్నయ్య గుక్కెడు ఊపిరి లోపలికి లాక్కున్నాడు.

మళ్ళీ లాగి నొక్కింది. మళ్ళీ ఊపిరి. సిరంజి చేయి జారి క్షణం ఆగితే, కింద గొంతులో గురగుర.

"ఆపకు..." గుసగుసలాడాడు. "ఆపకే తల్లీ..."

ఏడుస్తూ నొక్కింది. చేతులు తిమ్మిరెక్కినా, చెమటకి వేళ్ళు జారుతున్నా నొక్కింది. ఎంతసేపో తెలియదు. చివరికి లైట్లు వెలిగాయి. రెక్కలు తిరిగాయి. అన్నయ్య లేచి, గోడకి చేరగిలబడి, ఆమె మొహంలోకి చూడకుండా అన్నాడు.

"గాలాడక కళ్ళు తిరిగాయి, అంతే. మీ వదినకి చెప్పకు. బెంగెట్టుకుంటుంది."

అతను బ్యాటరీలు బిగించి వెళ్ళిపోయాక కూడా చిట్టి అక్కడే కూర్చుండిపోయింది. ఆ సీసాలో కణాలు ముసలివయ్యాయి. మేత వేసినా, గాలి పంపినా, ఇంకొన్ని రోజుల్లో వాటంతటవే చస్తాయి. ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే ఎవరు నమ్ముతారు?

తోచింది ఒకటే దారి. ఇంటికి వెళ్ళేముందు మూల సీసాలోంచి కొన్ని కణాలు తీసి, పక్కనున్న ఖాళీ సీసాలో కొత్త ద్రవంలో వేసింది. అవి పెరిగితే అన్నయ్యకి ఇంకొన్నాళ్ళు...

మర్నాడు అందరికంటే ముందు వచ్చింది. తెర మీద రెండు గీతలూ లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఒక్కసారి ఊపిరి బిగబట్టవా."

ఈసారి ఎందుకని అడగలేదు అతను. "సరే" అన్నాడు.

పాత సీసా గీత ఆగిపోయింది.

కొత్త సీసా గీత ఆగలేదు. గబగబా కొట్టుకుంటోంది, పరుగెత్తుకొచ్చి నిలబడ్డ మనిషి రొప్పుతున్నట్టు.

చిట్టి ఫోన్ పెట్టేసి, తన ఊపిరేమోనని బిగబట్టి చూసింది. ఆ గీత ఆగలేదు. గదంతా కలయచూసింది. బల్లలు, కుర్చీలు, వేలాడుతున్న తెల్ల కోట్లు. తలుపు లోపలి గడియ తనే వేసింది.

"ఎవరది?" అంది నోట్లోనే.

కొత్త గీత ఠక్కున ఆగిపోయింది. వినబడకూడదని ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.